మంచం కింద, మాట వినిపించేంత దూరంలో

విశాఖపట్నం కంచరపాలెంలో ఒక రెండు గదుల ఇల్లు అనుకుందాం. సాయంత్రం ఆరు దాటింది, కుక్కర్ మూడో కూత వేసింది, నాలుగేళ్ల పాప ఎగురుతూ వచ్చి టీపాయ్ మీది పాల గ్లాసు తన్నేసింది. పాలు పోయి ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ మీద పడ్డాయి. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని అమ్మ ఒక్క అరుపు అరిచింది, అంతే, పాప కనపడలేదు. వంటింట్లో లేదు, బాల్కనీలో లేదు, వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది. రెండు నిమిషాలు వెతికాక బీరువాకీ గోడకీ మధ్య సందులో, గోడ వైపు తిరిగి, మోకాళ్లలో తల దూర్చుకుని కనిపించింది.

గాజువాకలో అయినా, మధురవాడ అపార్ట్‌మెంట్‌లో అయినా, పెదజాలరిపేటలో అయినా ఇక్కడిదాకా కథ ఒకటే. ఆ తర్వాత పెద్దవాళ్లు చేసేదే ఇంటింటికీ మారుతుంది. ఒకరు చెయ్యి పట్టుకుని బయటికి లాగుతారు. ఒకరికి నవ్వొస్తుంది, ఫోన్ తీసి వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తారు. ఇంకొకరు "ఉండనీ, ఆకలేస్తే అదే వస్తుంది" అని వంటింట్లోకి వెళ్లిపోతారు. ఎవరికీ పిల్ల మీద ప్రేమ లేక కాదు, అందరూ రోజంతా అలిసిపోయి ఉన్నవాళ్లే. కానీ ఆ సందులో కూర్చున్న పిల్లకి కావలసింది ఈ మూడింటిలోనూ లేదు.

ముందు ఆ చోటు ఎక్కడుందో చూడాలి. మంచం కింద, డైనింగ్ టేబుల్ కింద, కర్టెన్ వెనక, వాషింగ్ మెషీన్ పక్కన, మడత పెట్టిన పరుపుల చాటున. చిన్న పిల్లలు తిట్లు తిన్నాక దూరే చోట్లన్నీ దాదాపు ఇలాంటివే, వాటన్నిటి నుంచీ అమ్మ గొంతు వినిపిస్తుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, ఎవరు ఎటు నడుస్తున్నారో తెలుస్తుంది. పిల్ల పారిపోలేదు. తనని తిట్టిన మనిషికి కనపడకుండా, ఆ మనిషి మాత్రం తనకి వినపడుతూ ఉండేంత దూరం వెళ్లి ఆగింది. ఈ విషయం అంతా ఆ దూరంలోనే ఉంది.

ఎందుకు అంతే దూరం? బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ, ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ చెప్పిన అనుబంధ సిద్ధాంతం దగ్గర దీనికి జవాబు దొరుకుతుంది. భయమేస్తే పిల్ల తనకి బాగా దగ్గరైన మనిషి దగ్గరికి పరిగెడుతుంది, అది పుట్టుకతో వచ్చిన గుణం. కుక్క మొరిగితే అమ్మ దగ్గరికి, ఉరిమితే నాన్న దగ్గరికి. మరి భయపెట్టింది అమ్మే అయితే? ఇక్కడే పిల్ల ఇరుక్కుపోతుంది. ఒంట్లో ఒక భాగం "అమ్మ దగ్గరికి పో" అంటుంది, ఇంకో భాగం "అమ్మకి దూరంగా పో" అంటుంది. మేరీ మెయిన్, ఎరిక్ హెస్సే అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఇరుకుని పరిష్కారం లేని భయం అన్నారు. వాళ్లు చెప్పింది మాటిమాటికీ తీవ్రంగా భయపడే పిల్లల గురించి, ఒక్క అరుపుకి దాక్కున్న ప్రతి పిల్లకీ దాన్ని అంటగట్టకూడదు. కానీ ఆ లాగుడు చిన్న మోతాదులో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. బీరువా సందు ఆ రెండు లాగుళ్లకీ మధ్య పిల్ల తనంతట తను కనిపెట్టుకున్న చోటు. నాలుగేళ్ల వయసుకి అది చాలా తెలివైన పనే.

ఒకప్పుడు మన ఇళ్లలో ఈ ఇరుకుకి వేరే దారి ఉండేది, దాని పేరు నాన్నమ్మ కొంగు. అమ్మ తిడితే పిల్ల పరిగెత్తుకెళ్లి నాన్నమ్మ చీర కుచ్చిళ్ల వెనక నక్కేది. కొంగు చాటున ఉంటే దాక్కున్నట్టూ అయ్యేది, ఒక వెచ్చటి మనిషిని పట్టుకున్నట్టూ అయ్యేది. "పోనీలేవే, చిన్నపిల్ల, తెలియక చేసింది" అని ఆవిడ అనే ఆ ఒక్క మాటతో అమ్మకీ కాస్త ఊపిరి తిరిగేది. ఇప్పుడు ఉద్యోగాల కోసం వచ్చి పీఎం పాలెంలోనో కూర్మన్నపాలెంలోనో ఫ్లాట్ తీసుకున్న ఇంట్లో మూడో మనిషి లేరు. తిట్టేదీ అమ్మే, ఓదార్చాల్సిందీ అమ్మే, నాన్న షిఫ్ట్‌లో ఉంటాడు. కొంగు చాటు పోయి మంచం కింద మిగిలింది. పాత ఇళ్లలో అంతా బాగుండేదని దీని అర్థం కాదు, అక్కడ తిట్టే నోళ్లూ ఎక్కువే. కానీ తిట్టిన మనిషే ఓదార్చాల్సి వచ్చే ఇంట్లో ఆ రెండో పని మర్చిపోతే దాన్ని చేయడానికి ఇంకెవరూ ఉండరు.

పిల్లలందరూ ఒకే కారణానికి దాక్కోరు. బయటి నుంచి చూస్తే అంతా ఒకేలా ఉంటుంది గనక పెద్దవాళ్లు అన్నిటికీ "మొండితనం" అని ఒకటే పేరు పెట్టేస్తారు. జాగ్రత్తగా చూస్తే కనీసం మూడు రకాలు కనపడతాయి, ఒక్కో రకానికి కావలసింది వేరు.

మొదటిది అలక. కోపం ఎవరి మీదైనా రావచ్చు, అలిగేది మాత్రం మనవాళ్ల మీదే. రోడ్డు మీద ఎవరో తిడితే ఎవరూ అలగరు. వచ్చి బుజ్జగిస్తారన్న నమ్మకం ఉన్న చోటే అలక ఉంటుంది. సత్యభామ అలక మనకి ఎంత ఇష్టమైన ఘట్టమో చెప్పక్కర్లేదు, పెళ్లిళ్లలో అయితే కొత్త అల్లుడికి అలకపాన్పు వేసి మరీ అలగనిస్తాం, అడిగింది ఇచ్చి లేపుతాం. పెద్దవాళ్ల అలకని ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్లం పిల్లల అలకనీ అర్థం చేసుకోగలం. అలిగి దాక్కున్న పిల్లని గుర్తుపట్టడం తేలిక. కాళ్లు బయటికి కనపడుతుంటాయి, ఉండుండి ముక్కు ఎగబీలుస్తుంది, "అమ్మలూ, రావా?" అంటే "నేను రాను!" అని జవాబొస్తుంది. "రాను" అన్న పిల్ల మాట్లాడుతోందన్నమాట, అంటే సగం వచ్చేసినట్టే. ఈ పిల్లకి ఎవరైనా తనని వెతుక్కుంటూ రావాలి, అంతే. వెతకడానికి ఎవరూ రాకపోతే అలక కాస్తా దిగులుగా మారుతుంది.

రెండోది సిగ్గు. ముఖం గోడకి తిప్పుకోవడం, కళ్లు కలపకపోవడం, తాకితే ఇంకా ముడుచుకుపోవడం దీని గుర్తులు. ఈ పిల్ల వెతకమని అడగడం లేదు, చూడొద్దంటోంది. పుట్టిన మొదటి ఏడాదిలో ఇది ఉండదు. సుమారు 18 నుంచి 24 నెలల మధ్య పిల్లలు అద్దంలో ఉన్నది తామేనని గుర్తుపట్టడం మొదలుపెడతారు, ముక్కుకి రంగు పూసి అద్దం ముందు నిలబెడితే అద్దాన్ని కాకుండా తమ ముక్కునే తడుముకుంటారు. 'నేను' అనేది ఒకటుందని తెలిశాకే ఆ 'నేను'ని ఎవరో చూస్తున్నారని, చూసి తక్కువ చేస్తున్నారని తెలుస్తుంది. రెండు మూడేళ్ల వయసు గురించి చెబుతూ మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్, స్వతంత్రంగా ఏదైనా చేయాలన్న పట్టుదలా, సిగ్గూ అనుమానమూ ఒకదానితో ఒకటి తలపడే కాలం అదని అన్నాడు. సిగ్గుతో భూమిలోకి కుంగిపోయినట్టయింది అని మనం అంటాం కదా, పిల్లకి కుంగిపోవడానికి దొరికే భూమి మంచం కిందే.

మూడోది భయం. ఇక్కడ చప్పుడే ఉండదు. ఊపిరి బిగబట్టి ఉంటుంది, పిలిస్తే పలకదు, కాళ్లు బయటికి రానివ్వదు. నిజంగా దొరకకూడదని దాక్కున్నది ఈ పిల్లే. ఇక్కడ "ఎక్కడుంది నా బంగారం, ఇక్కడుందా, అక్కడుందా" అని ఆటలా వెతకడం మొదలుపెడితే అలిగిన పిల్లకి నవ్వొస్తుంది గానీ భయపడిన పిల్లకి దగ్గరపడుతున్న అడుగుల చప్పుడే వినిపిస్తుంది. అందుకే ఏ రకమో తెలుసుకోకుండా ఏ చిట్కా వాడినా పనిచేయదు.

భయం ఊరికే రాదు, చాలాసార్లు మనమే ఇంట్లోకి తెచ్చి పెడతాం. "నాన్న డ్యూటీ నుంచి రానీ, చెప్తా నీ పని." స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో డాక్‌యార్డ్‌లోనో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఈ మాట వినని పిల్లలు తక్కువ. పాలు ఒలికింది సాయంత్రం ఆరింటికి, నాన్న వచ్చేది రాత్రి పదిన్నరకి. మూడు నాలుగేళ్ల పిల్లకి గంటల లెక్క తెలియదు, శిక్ష రాబోతోందని మాత్రం తెలుసు. కింద బైక్ స్టాండ్ వేసిన చప్పుడు వినగానే వెళ్లి నక్కుతుంది. ఎనిమిది గంటలు పనిచేసి, పిల్లని ఎత్తుకోవాలని వచ్చిన నాన్నకి, తనని చూసి దాక్కున్న పిల్ల కనపడుతుంది. ఆ నాన్న చేసిన తప్పేమీ లేదు, ఆయన ఇంట్లో లేనప్పుడు ఆయన పేరుని బూచోడిగా వాడారు. పోలీసులకి పట్టిస్తా, ఇంజెక్షన్ చేయిస్తా అనే మాటలు కూడా ఇంతే. రేపు నిజంగా తప్పిపోయినప్పుడు పోలీసు దగ్గరికే వెళ్లి అడగాల్సిన పిల్లకి ముందే పోలీసంటే భయం నేర్పేస్తున్నాం.

మరి కాళ్లు బయటే పెట్టి, లేదా రెండు చేతులతో కళ్లు మూసుకుని, దాక్కున్నాననుకోవడం ఏమిటి? పిల్లకి తెలివి లేదని నవ్వుకునే ముందు ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో హెన్రికె మోల్, ఆమె సహచరులు రెండు నుంచి నాలుగేళ్ల పిల్లల ముందు ఒక పెద్ద మనిషిని కూర్చోబెట్టి, ఆమె తన కళ్లు తను మూసుకున్నాక "నీకు ఈమె కనపడుతోందా?" అని అడిగారు. ఎదురుగా ఉన్న మనిషి గురించి చాలామంది పిల్లలు కనపడటం లేదనే అన్నారు. ఆ వయసు పిల్లల లెక్కలో చూడటం అంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం, ఒకవైపు కళ్లు మూసుకుంటే అక్కడితో ఆ చూపు తెగిపోయినట్టే. దీన్ని తిట్లు తిన్న పిల్లకి పెట్టి చూడండి. ముఖం మోకాళ్లలో దూర్చుకుందంటే తన ఒంటిని దాచుకోవడం లేదు, మనకీ తనకీ మధ్య ఉన్న చూపుని తెంపుకుంటోంది. "నా కళ్లలోకి చూసి చెప్పు!" అని గడ్డం పట్టుకుని తల ఎత్తించడం ఎంత బరువైన పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

సిగ్గు దగ్గరికి ఇంకోసారి రావాలి, ఎందుకంటే పెద్దయ్యాక కూడా మిగిలిపోయేది అదే. 1993లో అమెరికాలో కేరెన్ బారెట్, మరో ఇద్దరు పరిశోధకులు సుమారు రెండేళ్ల పిల్లలకి ఒక గుడ్డ బొమ్మ ఇచ్చారు. దాని కాలు ఆడుకుంటుంటే ఊడిపోయేలా ముందే చేసి ఉంచారు. కాలు ఊడగానే కొందరు పిల్లలు బొమ్మ ఇచ్చినావిడ మొహం చూడకుండా తప్పించుకు తిరిగారు, జరిగింది చెప్పడానికి చాలాసేపు తీసుకున్నారు. ఇంకొందరు వెంటనే కాలు తెచ్చి చూపించారు, అతికించాలని చూశారు. రెండేళ్లకే ఈ తేడా వచ్చేసింది. మొదటివాళ్ల మనసులో 'నేను చెడ్డ' అన్నది ఉంది, రెండోవాళ్లలో 'బొమ్మ విరిగింది' అన్నది ఉంది. సిగ్గుకీ, చేసిన పనికి నొచ్చుకోవడానికీ ఉన్న దూరం అదే. నొచ్చుకున్న పిల్ల సరిచేయడానికి ముందుకొస్తుంది, సిగ్గుపడిన పిల్ల వెనక్కి పోతుంది. ఏ పిల్ల ఎటు వెళ్తుందనే దాంట్లో పుట్టుకతో వచ్చిన స్వభావం కొంత ఉంటుంది, కొందరు పుట్టడమే మెత్తగా పుడతారు. కానీ ఇంట్లో రోజూ వినే మాటల పాలు తక్కువేం కాదు. "చెడ్డపిల్ల", "సిగ్గు లేదా నీకు", "షేమ్ షేమ్", "పక్కింటి బాబుని చూసి నేర్చుకో" అన్నవన్నీ మనిషిని అంటాయి. "పాలు ఒలికాయి, గుడ్డ తే, తుడుద్దాం" అన్నది పాలని అంటుంది. మనిషిని అంటే దాక్కోవడం తప్ప దారి లేదు, పాలని అంటే చేయడానికి ఒక పని ఉంటుంది.

వీడియోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చూడొద్దని ముఖం తిప్పుకున్న పిల్ల మీదకి కెమెరా తిప్పడం చాలా తప్పు. ఇందులో మెత్తగా చెప్పడానికేమీ లేదు. పిల్ల ముద్దుగా ఉండొచ్చు, కానీ ఆ నిమిషంలో తను పడుతున్నది మనం ఆఫీసులో అందరి ముందు తిట్లు తిన్నప్పుడు పడేదే. ఆ మొహం రేపు పిన్ని ఫోన్‌లో, మావయ్య ఫోన్‌లో, ఎవరెవరి స్టేటస్‌లలోనో తిరుగుతుంది, పండక్కి వెళ్తే "నువ్వేనా బీరువా వెనక ఏడ్చింది" అని ఆటపట్టిస్తారు.

సరే, పిల్ల దొరికింది. ఇప్పుడేం చేయాలి? మొదట స్టవ్ కట్టేయాలి. మన చెయ్యి ఖాళీగా లేకపోతే గొంతులో తొందర వచ్చేస్తుంది. తర్వాత వెళ్లి నేల మీద, పిల్లకి ఒక రెండు మూడు అడుగుల దూరంలో కూర్చోవాలి, సందుకి అడ్డంగా కాదు, పక్కన. నిలబడి వంగి చూసే మనిషి మంచం కింద నుంచి చాలా పెద్దగా కనపడతాడు. "ఇక్కడే కూర్చున్నా. నీకు రావాలనిపించినప్పుడు రా" అని ఒక్కసారి చెప్పి ఊరుకోవాలి. ఆ తర్వాత వచ్చే మౌనం పెద్దవాళ్లకే కష్టం, ఏదో ఒకటి అనాలనిపిస్తుంది, చాక్లెట్ ఇస్తాననో ఫోన్ ఇస్తాననో నోటిదాకా వస్తుంది. ఇవ్వకపోవడమే మంచిది, పిల్ల వచ్చింది చాక్లెట్ కోసమో మన కోసమో ఇద్దరికీ తెలియకుండా పోతుంది. కొందరు పిల్లలు ముందు ఒక చెయ్యి బయటికి పెడతారు. ఆ చేతిని పట్టుకుని లాగకుండా, మన చెయ్యి పక్కన పెడితే చాలు.

పిల్ల బయటికి వచ్చాక మొదటి రెండు నిమిషాలు చాలా ముఖ్యం. చాలా ఇళ్లలో ఎత్తుకోగానే క్లాసు మొదలవుతుంది, "ఇంకెప్పుడైనా అలా పరిగెడతావా?" అని. బయటికొస్తే మళ్లీ తిట్లే అని పిల్లకి తెలిస్తే, వచ్చేసారి ఇంకా లోపలికి దూరుతుంది. ముందు ఒళ్లో కూర్చోనివ్వాలి, ఏడిస్తే ఏడవనివ్వాలి. అరవడం ఎక్కువైందనిపిస్తే "గట్టిగా అరిచాను కదా, భయమేసిందా?" అని అడగొచ్చు. దానివల్ల అమ్మ పెద్దరికం ఏమీ తగ్గదు. పాల సంగతి ఆ తర్వాత. గుడ్డ పిల్ల చేతికే ఇవ్వాలి, సరిగ్గా తుడవకపోయినా సరే. తప్పుని వదిలేయమని ఎవరూ అనడం లేదు, ఒలికిన పాలు తుడవాల్సిందే, ఆ తుడిచేదాంట్లో పిల్లని కలుపుకోవాలి. పసిపిల్లల మీద చాలా ఏళ్లు పనిచేసిన ఎడ్వర్డ్ ట్రానిక్ తేల్చిన విషయం ఒకటుంది: మంచి అమ్మలకీ బిడ్డలకీ మధ్య కూడా రోజంతా తాళం కుదిరి ఉండదు, మాటిమాటికీ తప్పుతుంది, మళ్లీ కలుస్తుంది. ఆ మళ్లీ కలవడం నుంచే పిల్లలు నేర్చుకుంటారు. కాబట్టి అరిచినందుకు రాత్రంతా కుమిలిపోయే అమ్మలు ఇది గుర్తుంచుకుంటే చాలు, అరవడం దగ్గర కథ ఆగిపోకూడదు, అంతే.

దాక్కున్న ప్రతిసారీ తిట్లే కారణం అనుకోకూడదు. రెండు మూడేళ్ల పిల్లలు దొడ్డికి వచ్చినప్పుడు కర్టెన్ వెనక్కో సోఫా వెనక్కో వెళ్లిపోతారు, అది మామూలే. దానికి కసిరితే బిగబట్టుకోవడం అలవాటై మలబద్ధకం మొదలవొచ్చు. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు, వాటి రిహార్సల్స్ జరిగే రోజుల్లో విమానాలు ఇంటి మీద నుంచి వెళ్తుంటే చెవులు మూసుకుని మంచం కిందికి దూరే పిల్లలుంటారు. కుక్కర్ కూతకి, మిక్సీ చప్పుడుకి, ఇంటినిండా చుట్టాలొస్తే కూడా ఇలాగే ప్రతిసారీ చీకటి మూల వెతుక్కునే పిల్లలకి, మాటలు ఆలస్యమవడం, పిలిస్తే తిరిగి చూడకపోవడం కూడా ఉంటే, పిల్లల డాక్టర్‌కి చూపించడం ఆలస్యం చేయకూడదు.

ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. పిల్ల ఒకే ఒక్క మనిషి వచ్చినప్పుడు దాక్కుంటోందా, ఆ మనిషి మావయ్య కావొచ్చు, ట్యూషన్ చెప్పేవారు కావొచ్చు, ఆటో నడిపే మనిషి కావొచ్చు, దాన్ని సిగ్గని కొట్టిపారేయకూడదు. "అంకుల్‌కి ముద్దు పెట్టు, దా" అని బయటికి లాక్కురావడం అస్సలు చేయకూడదు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒంటి మీద దెబ్బలు దాచుకోవడం, నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం తోడైతే అది ఇంటి చిట్కాలతో తేలే విషయం కాదు. కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో చేయించి 2007లో బయటపెట్టిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లేనని తేలింది, అందులో మన రాష్ట్రమూ ఉంది. బడిలో కొట్టడం, మనసు నొప్పించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. పిల్లలకి హాని జరుగుతోందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, కోపం పట్టలేక తామే భయపడుతున్న అమ్మానాన్నలు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇక చోటు సంగతి. దాక్కునే పిల్లని ఆపలేం, ఆపకూడదు కూడా, కానీ ఎక్కడ దాక్కుంటుందో మన చేతిలో కొంత ఉంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు తలుపులు లాక్ పడిపోయి ఊపిరాడక చనిపోయారు. మన ఎండలకి మూసిన కారు నిమిషాల్లో పొయ్యిలా వేడెక్కుతుంది, కాబట్టి కారు ఎప్పుడూ లాక్ చేసి, తాళాలు పిల్లకి అందనంత ఎత్తులో పెట్టాలి. వాడని ఫ్రిజ్ బాల్కనీలో ఉంటే తలుపు ఊడదీసేయాలి. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కి చైల్డ్ లాక్, సంప్ మూతకి తాళం, డాబా తలుపుకి పై గడియ. మంటలు వచ్చినప్పుడు చిన్న పిల్లలు బయటికి పరిగెత్తకుండా మంచం కిందికే దూరతారన్నది ఫైర్ సిబ్బందికి బాగా తెలిసిన విషయం. పొగ వస్తే మాత్రం దాక్కోకూడదు, బయటికి రావాలి అని మూడేళ్ల నుంచే ఆటలా నేర్పించాలి, తలుపు దాకా నడిపించి చూపించాలి.

ఇవన్నీ అయ్యాక ఇంట్లో పిల్ల తరచుగా దూరే ఆ ఒక్క చోటుని పిల్లకే వదిలేయొచ్చు. బీరువా సందులో పాత దుప్పటి ఒకటి పరవండి, చిన్న దిండు వేయండి. దోమల లిక్విడ్ ప్లగ్, ఎలకల మందు, బొద్దింకల పేస్టు అక్కడ ఉంటే ఈరోజే తీసేయండి.